పాత కార్డు బాకీ ఇప్పుడు కడితే సిబిల్ స్కోరు పెరుగుతుందా?

మీరు అడిగింది ఇదీ. 2017లో తీసుకున్న క్రెడిట్ కార్డు. 2019 అక్టోబరు తర్వాత ఉద్యోగం పోయి, అప్పటికి ఉన్న 38 వేలు కట్టలేకపోయారు. ఇప్పుడు సిబిల్ అనే క్రెడిట్ బ్యూరో (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ) నుంచి రిపోర్టు తీస్తే అదే కార్డు లక్షా 12 వేల బాకీతో ‘రిటెన్ ఆఫ్’ (రాని బాకీగా పక్కన పెట్టినది) అని ఉంది, స్కోరు 618. కలెక్షన్ ఏజెన్సీ వాళ్లు రోజూ ఫోన్ చేసి, 25 వేలు కడితే ఫైలు మూసేస్తామంటున్నారు. వచ్చే ఏడాది హోమ్ లోన్‌కి వెళ్లాలనుకుంటున్నారు. కడితే స్కోరు పెరుగుతుందా, లేక మానిన పుండును కెలికినట్టయి ఉన్నది కూడా పోతుందా అని మీ భయం.

సూటిగా చెబుతాను. కట్టినంత మాత్రాన స్కోరు అమాంతం పెరగదు. కట్టినందుకు కుప్పకూలిపోదు కూడా. మొదటి రెండు మూడు నెలల్లో కాస్త అటూ ఇటూ కదులుతుంది, అంతే. అయినా మీరు హోమ్ లోన్‌కి వెళ్తున్నారు కాబట్టి ఈ బాకీ తీర్చుకోవాల్సిందే. ఆ 25 వేల ఆఫర్‌కి మాత్రం తొందరపడి ఊ అనకండి. ఎంత కట్టారన్నదానికంటే, కట్టాక రిపోర్టులో ఆ కార్డు పక్కన ఏ మాట మిగిలిందన్నదే మీ లోన్‌ని తేలుస్తుంది.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో 22 ఏళ్లు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు మొండి బాకీల వసూలు విభాగంలోనే గడిచాయి. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాక విజయవాడలో ఇలాంటి రిపోర్టులు పట్టుకొచ్చేవాళ్లకు ఏం చేయాలో చెబుతున్నాను. వారానికి ఇద్దరు ముగ్గురైనా మీలాంటి ప్రశ్నతోనే వస్తారు.

ముందు మీ రిపోర్టులో ఆ కార్డు ఉన్న పేజీ తెరిచి పెట్టుకోండి. పైన బ్యాంకు పేరు, ఖాతా నంబరు ఉంటాయి. కింద ‘కరెంట్ బ్యాలెన్స్’, ‘అమౌంట్ ఓవర్‌డ్యూ’ (గడువు దాటిన బాకీ) అని రెండు అంకెలు. ఆ తర్వాత ‘డేట్ ఆఫ్ లాస్ట్ పేమెంట్’, ‘డేట్ రిపోర్టెడ్’. ఇంకాస్త కిందికి వస్తే ‘రిటెన్ ఆఫ్ అమౌంట్’ టోటల్ ఎంత, ప్రిన్సిపల్ ఎంత అని విడివిడిగా ఉంటుంది. అన్నిటికంటే కింద నెలలవారీ గడులు, 36 నెలల వరకు. సక్రమంగా కట్టిన నెలకు 000 ఉంటుంది. ఆలస్యమైతే ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె ఉంటుంది, లేదంటే ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ లాంటి మొండి బాకీ గుర్తులు ఉంటాయి.

మీ కేసులో ‘డేట్ రిపోర్టెడ్’ దగ్గర ఏ నెల ఉందో చూడండి. మొన్నటి నెలే ఉంటుందని నా అనుభవం. అంటే బ్యాంకు ఇప్పటికీ మీ బాకీని కొత్తగా పంపుతూనే ఉంది. స్కోరు లెక్క కట్టే వ్యవస్థకు మీ ఎగవేత 2019 నాటి పాత సంగతిగా కనిపించడం లేదు, నిన్నటికి కూడా బాకీ ఉన్న మనిషిలా కనిపిస్తున్నారు. కట్టేశాక ఆ పంపడం ఆగుతుంది. ఓవర్‌డ్యూ సున్నా అవుతుంది. అక్కడి నుంచి ఆ ఖాతా పాతబడటం మొదలవుతుంది. కట్టడం వల్ల వచ్చే అసలైన లాభం ఇదే. ఒక నెలలో కనిపించేది కాదు, ఏడాది, ఏడాదిన్నరలో తెలుస్తుంది.

మరి కట్టగానే ఎందుకు పెరగదంటే, స్కోరులో పెద్ద భాగం గతంలో ఎలా కట్టారన్నదే. 90 రోజులు దాటి ఎన్‌పీఏ (మొండి బాకీ) అయింది, ఆపైన రైటాఫ్ అయింది. ఆ రెండూ జరిగిపోయాయి. ఇప్పుడు డబ్బు కట్టడం వాటిని జరగనట్టు చేయదు. “సార్, మొత్తం కట్టేశాను, స్కోరు 618 నుంచి 624 అయింది, అంతేనా?” అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను. అంతే, మొదట అంతే. దానికే నిరాశపడొద్దు.

ఇంకో అపోహ కూడా తీర్చుకోండి. రైటాఫ్ అంటే మాఫీ కాదు. బ్యాంకు తన పద్దు పుస్తకాల్లోంచి ఆ అప్పును రాని బాకీగా తీసి పక్కన పెట్టింది, అంతవరకే. మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు దానికి అలాగే ఉంటుంది. మా కౌంటర్ దగ్గర “రైటాఫ్ అని మీరే రాశారు కదండీ, మళ్లీ అడుగుతారేం” అని నిజంగానే అడిగేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు, ఆ మాట వింటే అలాగే అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ‘సెటిల్డ్’, ‘క్లోజ్డ్’ ఒకటి కావు.

బ్యాంకుకు రావాల్సిన దాంట్లో కొంత వదులుకుని, మిగతాది తీసుకుని ఫైలు ముగిస్తే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. రైటాఫ్ అయ్యాక అలా జరిగితే ‘పోస్ట్ రైటాఫ్ సెటిల్డ్’. మొత్తం కట్టేస్తే ‘క్లోజ్డ్’, రైటాఫ్ తర్వాత అయితే ‘పోస్ట్ రైటాఫ్ క్లోజ్డ్’. స్కోరులో ఈ రెండింటికీ ఉండే తేడా మీకు పెద్దగా కనిపించకపోవచ్చు. కానీ హోమ్ లోన్ ఫైలు చూసే ఆఫీసరుకు మొదట కనబడేది ఈ మాటే. ‘సెటిల్డ్’ అని ఉంటే, ఈయన ఒక బ్యాంకుకు డబ్బు ఎగ్గొట్టి కొంతే ఇచ్చాడని అర్థం చేసుకుంటారు. ‘క్లోజ్డ్’ అని ఉంటే, కష్టం వచ్చింది, ఆలస్యమైంది, చివరికి కట్టాడు అనుకుంటారు.

ఒకే మందుల కంపెనీలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ కార్డు బాకీలే, ఇద్దరికీ అసలు 60 వేలకు అటూ ఇటూగా ఉంది. ఒకతను నన్ను కలిసేనాటికే 22 వేలకు సెటిల్ చేసేసుకున్నాడు. తర్వాత రెండేళ్లు అన్నీ సక్రమంగా కట్టి స్కోరు 741కి తెచ్చుకున్నాడు. రెండో అతను వడ్డీ, లేటు ఫీజులు తగ్గించమని నాలుగు నెలలు బ్యాంకు చుట్టూ తిరిగి, అసలు మొత్తం, పైన ఇంకొంత కలిపి కట్టి ‘క్లోజ్డ్’ రాయించుకున్నాడు. అతని స్కోరు 712. హోమ్ లోన్ వచ్చింది 712 ఉన్నతనికి. 741 ఉన్నతనికి రెండు బ్యాంకులు కాదన్నాయి. మూడో చోట దొరికింది, ఎక్కువ వడ్డీకి. అతను నా ముందు కూర్చుని, అప్పుడు మిగుల్చుకున్న 38 వేలు ఎక్కువ వడ్డీ రూపంలో ఎన్నేళ్లలో పోతాయో కాగితం మీద లెక్క వేశాడు. రెండేళ్లు కూడా పట్టలేదు.

అందుకే మీ విషయంలో నా సలహా ఇది. లక్షా 12 వేలు చూసి బెంబేలు పడకండి. కార్డు మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ, లేటు ఫీజులు, వాటి మీద జీఎస్‌టీ కలిసి అలా పెరిగింది. రిపోర్టులో ప్రిన్సిపల్ అని ఎంత ఉందో చూడండి. మీరు చెప్పిన లెక్క ప్రకారం 38 వేలకు దగ్గరగానే ఉండాలి. ఏజెంటుతో కాకుండా నేరుగా బ్యాంకు కార్డుల విభాగానికి ఈమెయిల్ రాయండి: “అసలు పూర్తిగా కడతాను. వడ్డీ, ఛార్జీలు మాఫీ చేసి, బ్యూరోలకు ఖాతాను క్లోజ్డ్ అని పంపుతారా? రాతపూర్వకంగా తెలపండి.” కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి. కొన్ని, రూపాయి మాఫీ చేసినా సెటిల్డ్ అనే పంపుతాం అంటాయి. అలా అన్నప్పుడు అసలు మీద ఇంకెంత కలిపితే క్లోజ్డ్ అంటారో అడగండి. 38కి బదులు 50, 55 అయినా మీకు నష్టం కాదు. మీరు తీసుకోబోయేది ఇరవై ఏళ్ల లోన్.

బేరానికి మంచి సమయం కూడా ఉంటుంది. మార్చి నెలాఖరు, సెప్టెంబరు నెలాఖరు. వసూలు విభాగంలో ఉన్నప్పుడు ఆ వారాల్లో మా మీద ఉండే ఒత్తిడి నాకు తెలుసు. మామూలు రోజుల్లో కుదరదన్న మాఫీకి అప్పుడు పైనుంచి అనుమతి తొందరగా వచ్చేది. ఏజెంటు మీతో “ఈ నెల 30 దాటితే ఆఫర్ పోతుంది” అంటున్నాడంటే అది అతని టార్గెట్ గడువు. వచ్చే నెల మళ్లీ ఫోన్ వస్తుంది, ఆ మాటే చెబుతాడు.

నిజంగా చేతిలో డబ్బు లేనివాళ్ల సంగతి వేరు. ఇంట్లో ఆసుపత్రి ఖర్చులు, పిల్లల ఫీజులు ఉండి, ఇరవై వేలే కుదురుతుందంటే సెటిల్‌మెంటే చేసుకోండి. రైటాఫ్ అని పెద్ద ఓవర్‌డ్యూతో వేలాడుతూ ఉండటం కంటే సెటిల్డ్ నయం. ఫోన్లు ఆగుతాయి, రాత్రి నిద్ర పడుతుంది. తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు అప్పట్లో మాఫీ చేసిన మొత్తం కూడా కట్టి, క్లోజ్డ్‌గా మార్చమని అడగొచ్చు. నా చేతుల మీదుగానే అలాంటివి నాలుగైదు జరిగాయి. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. రాజీ సెటిల్‌మెంట్ల మీద రిజర్వ్ బ్యాంకు 2023 జూన్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, అలా సెటిల్ చేసుకున్నవాళ్లకు ఆ బ్యాంకు మళ్లీ లోన్ ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలి. వ్యవసాయ రుణాలకు ఈ గడువు వేరుగా ఉంటుంది. మీ హోమ్ లోన్ ఆ బ్యాంకులోనే అనుకుంటుంటే ఇది ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి.

డబ్బు ఎవరికి కడుతున్నారో తెలియకుండా ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. మీకు ఫోన్ చేస్తున్నది రెండు రకాల వాళ్లలో ఎవరైనా కావచ్చు. బ్యాంకు తరఫున వసూలు చేసే ఏజెన్సీ ఒకటి. బ్యాంకు దగ్గర మీ బాకీని కొనేసుకున్న అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ ఇంకొకటి, వాడుకలో ఏఆర్‌సీ అంటాం. ఏజెన్సీ అయితే డబ్బు మీ కార్డు నంబరుకే, బ్యాంకు సొంత ఖాతాకే వెళ్లాలి. ఏఆర్‌సీ అయితే రిపోర్టులో ఆ ఖాతా దగ్గర ఏఆర్‌సీ పేరే కనిపించాలి, బాకీ బదిలీ అయినట్టు లెటర్ అడిగితే ఇవ్వాలి. అప్పుడు బ్యాంకుకు కట్టినా లాభం లేదు, ఎన్‌వోసీ (ఇక బాకీ లేదన్న పత్రం) ఇవ్వాల్సింది కొనుక్కున్న కంపెనీయే.

గన్నవరం దగ్గర ఒక నర్సు. రెండు నైట్ డ్యూటీల మధ్య ఫోన్ వచ్చింది. ఈ రోజే కట్టకపోతే ఆసుపత్రికి మనిషిని పంపుతామన్నారట. పరువు పోతుందన్న టెన్షన్‌లో 18 వేలు ఆ ఫోన్ నంబరుకే యూపీఐ చేసింది. పది నిమిషాల్లో వాట్సాప్‌లో ఒక లెటర్ కూడా వచ్చింది, పైన బ్యాంకు లోగోతో. ఆ లెటర్‌లో ఆమె కార్డు నంబరు చివరి నాలుగు అంకెలే తప్పు. బ్యాంకులో అడిగితే ఆమె పేరు మీద ఆ రోజు ఏ జమా లేదు. ఫోన్ చేసినతను పాత ఏజెన్సీలో మానేసిన కుర్రాడని తర్వాత తెలిసింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం కానీ అప్పటికి 11 రోజులు గడిచాయి, డబ్బు తిరిగి రాలేదు. ఆమె మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

ఫోన్ల విషయం కూడా చెప్పాలి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. బెదిరించడం, మీ బంధువులకూ స్నేహితులకూ చెప్పి అవమానించడం కూడా కుదరదు. అలా జరిగితే తేదీ, టైము, నంబరు రాసిపెట్టుకుని బ్యాంకుకు ఈమెయిల్ పెట్టండి. బాకీ ఉన్నంత మాత్రాన మీరు నేరస్తులు కారు.

కట్టే ముందు మీ చేతిలో ఉండాల్సిన లెటర్ ఎలా ఉండాలంటే: బ్యాంకు లెటర్‌హెడ్ మీద, బ్యాంకు డొమైన్ నుంచి వచ్చిన ఈమెయిల్‌లో, మీ పూర్తి పేరు, కార్డు నంబరు, కట్టాల్సిన మొత్తం, ఆఖరి తేదీ, ఇది కట్టాక ఇక ఏ బాకీ లేదన్న మాట. వీటన్నిటితో పాటు అందరూ మర్చిపోయే వాక్యం ఒకటుంది: బ్యూరోలకు ఏ స్టేటస్ పంపుతారు? అది లెటర్‌లో లేకపోతే వెనక్కి పంపి రాయించుకోండి. కట్టిన తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు. కట్టకముందు మీ మాటకు విలువ ఉంటుంది.

లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడి మానేయకండి, వెళ్లండి. జిల్లా కోర్టు ఆవరణలో బెంచీ ముందు బ్యాంకు ఆఫీసరు, మీరు ఎదురెదురుగా కూర్చుంటారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. తెనాలిలో ఒక టైలర్ భార్య రాజీ పత్రం మీద సంతకం పెట్టబోయి ఆగి, “మా ఆయన సిబిల్లో బాకీ లేదని రాస్తామని కూడా ఇందులో రాయండి” అంది. అప్పుడు నేను బ్యాంకు వైపు కూర్చున్నాను. ఆ మాట కాగితం మీద చేత్తో చేర్చి ఇద్దరం పక్కన సంతకాలు పెట్టాం. ఆ రోజు నలభైకి పైగా ఫైళ్లు ముగించాం, ఆ వాక్యం అడిగి రాయించుకున్నది ఆమె ఒక్కతే.

మీరు అడగకపోయినా గడువు చట్టం గురించి చెప్పాలి, ఎందుకంటే మీ కేసు సరిగ్గా ఆ అంచు దాటిందేమో అనిపిస్తోంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీ కోసం బ్యాంకు కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువు. కరోనా వల్ల సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని ఈ లెక్కలోంచి తీసేసింది. మీరు 2019 చివర్లో ఆపేశారు కాబట్టి, మధ్యలో ఏ చెల్లింపూ, రాతపూర్వక ఒప్పుకోలూ లేకపోతే, ఆ గడువు సుమారు 2024 చివరికి ముగిసి ఉండాలి. కేసు వేయలేదని నిర్ధారించుకోండి. రిపోర్టులో ‘సూట్ ఫైల్డ్’ అని ఉంటే వేసినట్టే.

గడువు ముగిస్తే రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, కోర్టు దారి మూసుకుపోయినా అప్పు పోదు, రిపోర్టులోంచీ పోదు. రెండోది, “బాకీ ఉన్న మాట నిజమే, వాయిదాల్లో కడతాను” అని రాసి సంతకం పెట్టిస్తారు ఏజెంట్లు. గడువు తీరిన అప్పును కడతానని రాసి సంతకం పెడితే అది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 కింద కొత్త ఒప్పందం అవుతుంది. గడువు ఇంకా ఉండగా కొంత కట్టి రాతలో ఒప్పుకుంటే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. అందుకని ‘టోకెన్ కింద ఐదు వందలు వేయండి’ అంటే వేయొద్దు. కడితే ఒకేసారి, పూర్తి ఒప్పందంతో కట్టండి. పాత బాకీ కెలికితే ప్రమాదం అని మీరు విన్నది బహుశా ఇదే అయి ఉంటుంది. ప్రమాదం కోర్టు గడువుతో ముడిపడింది, స్కోరుతో కాదు.

ఏడేళ్లు ఆగితే దానంతట అదే పోతుందంటారు చాలామంది. నిబంధన చెప్పేది, క్రెడిట్ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచుకోవాలని. ఏడేళ్లకు తప్పకుండా తుడిచేయాలని కాదు. ఇందాక చెప్పినట్టు బ్యాంకు నెలనెలా పంపుతూ ఉంటే అది అక్కడే ఉంటుంది. పదేళ్ల కిందటి రైటాఫ్ ఇప్పటికీ కనిపిస్తున్న రిపోర్టులు నా దగ్గరికి వచ్చాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ చోటే తికమక పడుతుంటారు. అక్కడ కలెక్షన్‌కి వెళ్లిన బాకీ, మొదట ఆలస్యమైన తేదీ నుంచి ఏడేళ్లకు రిపోర్టులోంచి తొలగాలి, కట్టినా కట్టకపోయినా. అక్కడి ఫైకో 9, 10 లాంటి కొత్త స్కోరింగ్ పద్ధతులు కట్టేసిన కలెక్షన్ బాకీని లెక్కలోకి తీసుకోవు, పాత ఫైకో 8 తీసుకుంటుంది. ఏడేళ్లకు అదే పోతుందని డల్లాస్‌లో ఉన్న మీ బావగారు చెప్పింది ఆయన విషయంలో నిజమే కావచ్చు. ఇక్కడి సిబిల్‌కి అది వర్తించదు.

సరే, మీరు కట్టేశారు అనుకుందాం. తర్వాత ఏం జరుగుతుంది? 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలి. కాబట్టి నెల, నెలన్నరలో మార్పు కనిపించాలి. సిబిల్ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా ఉన్నాయి. నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒక దాంట్లో మారి ఇంకో దాంట్లో మారకపోవడం నేను చాలాసార్లు చూశాను, లోన్ ఇచ్చే బ్యాంకు మీరు చూడని రిపోర్టే తీస్తుంది.

మారకపోతే బ్యూరో వెబ్‌సైట్లోనే డిస్‌ప్యూట్ (రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదు) పెట్టండి, ఎన్‌వోసీ, చెల్లింపు రసీదు మీ దగ్గర సిద్ధంగా ఉంచుకోండి, ఖర్చు లేదు. బ్యాంకు సరే అనకుండా బ్యూరో సొంతంగా మార్చలేదు కాబట్టి బ్యాంకుకు కూడా అదే రోజు రాయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. బాకీ కట్టి ఏడాదైనా రిపోర్టు మారని ఒక స్కూలు టీచర్ తరఫున ఇలాగే రాయించాను. ఆమెకు 4,300 రూపాయలు జమ అయ్యాయి, రిపోర్టు కూడా సరైంది. అప్పటికీ కదలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోల మీద ఫిర్యాదులు కూడా అక్కడ తీసుకుంటున్నారు.

కట్టడం వల్ల రాని పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయంటే, కొత్త మంచి చరిత్ర నుంచి. మీకు ఇప్పుడు నడుస్తున్న ఖాతా ఒక్కటీ లేదని రాశారు. పాత మచ్చ ఒక్కటే ఉంటే దాన్ని కమ్మేయడానికి ఏదీ లేదన్నమాట. బ్యాంకులో 20 వేలో 25 వేలో ఎఫ్‌డీ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోండి, స్కోరు తక్కువున్నా ఇస్తారు. లిమిట్‌లో పావు వంతు లోపు, కరెంటు బిల్లు, పెట్రోలు లాంటివే వాడి గడువుకు ముందే మొత్తం కట్టండి. మినిమమ్ డ్యూ కట్టి సరిపెట్టొద్దు. ఇంట్లో బంగారం ఉంటే చిన్న గోల్డ్ లోన్ తీసుకుని సక్రమంగా తీర్చడం కూడా రిపోర్టుకెక్కుతుంది. స్కోరు తెలుసుకుందామని పది యాప్‌లలో లోన్‌కి అప్లై చేయకండి, ప్రతి అప్లికేషన్ ఒక ఎంక్వైరీగా పడుతుంది. మీరు సొంతంగా రిపోర్టు తీసుకుంటే ఏమీ తగ్గదు.

ఇలా చేసినవాళ్లు ఏడాది, ఏడాదిన్నరలో 618 లాంటి చోటి నుంచి 700 దాటడం నేను చూశాను. అందరికీ అలాగే అవుతుందని మాట ఇవ్వలేను, మిగతా ఖాతాలు ఎలా ఉన్నాయన్నదాని మీద ఉంటుంది. మీ చేతిలో ఏడాది ఉంది. అందుకే ఈ నెలలోనే మొదలుపెట్టమంటున్నాను.

కట్టొద్దని నేను చెప్పే సందర్భాలూ కొన్ని ఉన్నాయి. బాకీ మీది కాకపోతే కట్టొద్దు. పేరు ఒకటే అయి ఇంకొకరి కార్డు మీ రిపోర్టులో పడటం మన దగ్గర తరచూ జరుగుతుంది, ఇంటిపేరు పొడి అక్షరాల్లో రాయడం వల్ల. ఎప్పుడూ వాడని కార్డుకు యాన్యువల్ ఫీజు పేరుతో బాకీ చూపిస్తుంటే ముందు డిస్‌ప్యూట్ పెట్టండి. నాలుగు రిపోర్టుల్లోనూ లేని బాకీ గురించి ఎవరో ఫోన్ చేస్తే, ముందు వాళ్లు ఎవరో కాగితం చూపించమనండి.

మా నంద్యాల వైపు బ్యాంకు కోచింగ్ పిల్లలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట. బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో క్రెడిట్ హిస్టరీ బాగుండాలన్న షరతు ఉంటోంది. చదువుకునేటప్పుడు తీసుకున్న యాప్ లోన్, కార్డు బాకీ ఏదైనా ఉంటే జాయినింగ్ దాకా ఆగకుండా ఇప్పుడే తీర్చి ఎన్‌వోసీ దగ్గర పెట్టుకోండి.

మీరు హోమ్ లోన్‌కి వెళ్లే రోజు, ఆఫీసరు అడిగేదాకా ఆగకండి. ముందే చెప్పండి. 2019లో ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్, కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్, బాకీ కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఎన్‌వోసీ, మారిన రిపోర్టు, ఈ ఐదూ వరుసగా ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. నేను ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, దాచి దొరికిపోయినవాళ్ల ఫైలు పక్కన పెట్టేవాణ్ని. తనే చెప్పి కాగితాలు చూపించిన మనిషి ఫైలు మీద నా సిఫార్సు రాసి పైకి పంపేవాణ్ని. ఎన్‌వోసీ మాత్రం బ్యాంకు నుంచి ఒరిజినలే తెచ్చుకోండి, దాని మీద మీ కార్డు నంబరు, తేదీ, స్టాంపు, సంతకం నాలుగూ ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.